16 సెకన్లు, 2 అడుగులు

అందరికీ నమస్కారం. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో సగం మంది ఫ్రిస్కో నుంచే వచ్చినట్టున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ వాళ్ళ ఆఫీసు, ప్రాక్టీసు మైదానం 2016 నుంచి మీ ఊళ్ళోనే ఉన్నాయి. ఇర్వింగ్ నుంచి వచ్చినవాళ్ళకైతే ఇంకా పాత చుట్టరికం. 1971 అక్టోబర్ నుంచి 2008 సీజన్ దాకా ఆ జట్టు సొంత మ్యాచ్‌లన్నీ మీ ఊళ్ళోనే జరిగాయి. ఇంత దగ్గర్లో ఉన్నా మనవాళ్ళలో చాలామందికి ఈ ఆట అంటే "ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోతారు, తర్వాత ప్రకటనలు వస్తాయి" అన్నంతవరకే తెలుసు. ఇవాళ ఆ పడిపోవడం గురించి ఎక్కువ మాట్లాడను. గోడమీద తిరిగే గడియారం గురించి మాట్లాడతాను. ఈ ఆటలో జనం ఏళ్ళ తరబడి చెప్పుకునే మ్యాచ్‌లు ఏవి తీసుకున్నా, గెలుపోటములు చివరికి ఆ గడియారం దగ్గరే తేలాయి.

క్రికెట్‌తో మొదలుపెడదాం, మనకు చేతికందేది అదే కదా. ఆఖరి ఓవర్లో 6 బంతులున్నాయంటే 6 బంతులూ మీవే. అవతలి కెప్టెన్ ఎంత తెలివైనవాడైనా అందులో ఒక్కటి కూడా మింగెయ్యలేడు. ఇక్కడ మింగేస్తాడు. మీ చేతిలో బంతి ఉంది, 2 నిమిషాలు మిగిలాయి అనుకోండి. మీకు 20 అవకాశాలు రావచ్చు, 3 రావచ్చు. అది గడియారం ఎప్పుడు ఆగుతుందన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఎప్పుడు ఆగుతుంది? పాస్ విసిరితే ఎవరూ పట్టుకోకపోతే ఆగుతుంది. బంతి పట్టుకున్నవాడు గీత దాటి బయటికి పోతే, ఆట చివరి 5 నిమిషాల్లో, మళ్ళీ బంతి కదిలేదాకా ఆగే ఉంటుంది. స్కోరు వస్తే ఆగుతుంది. టైమౌట్ అడిగితే ఆగుతుంది. ఒక్కో జట్టుకి సగానికి 3 టైమౌట్లే. మైదానం లోపల పట్టి పడేస్తే మాత్రం ఆగదు. జనం లేచి, మళ్ళీ వరసలో నిలబడేలోపు అది తిరుగుతూనే ఉంటుంది. బంతి కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా సాగే ఒక్కో ఎత్తునీ కూడా ఆట అనే అంటారు. అలాంటి ఒక ఆట ముగిశాక తర్వాతది మొదలుపెట్టడానికి ఇప్పుడు 40 సెకన్ల గడువు. ఈ 40 అంకెను గుర్తుపెట్టుకోండి, చాలా పనుంది దానితో.

ఇంకొకటి గజం. ఇది మనం ప్లాట్లు కొనేటప్పుడు చెప్పుకునే గజమే, 3 అడుగులు. గజం స్థలం కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కడం మనకు కొత్త కాదు. ఇక్కడ ఆ గజం కోసం పదకొండు మంది, పదకొండు మందితో కుమ్ముకుంటారు. 4 ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి, పోతే మరో 4 వస్తాయి. ఆ ప్రయత్నాన్నే డౌన్ అంటారు.

ఇక గ్రీన్ బే వెళ్దాం. 1967 డిసెంబర్ 31. ఆ ఏడాది లీగ్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్, జనం ఐస్ బౌల్ అని పిలుచుకునేది. ఇటు గ్రీన్ బే ప్యాకర్స్, కోచ్ విన్స్ లొంబార్డీ. అటు మన డాలస్ కౌబాయ్స్, కోచ్ టామ్ లాండ్రీ. వీళ్ళిద్దరూ 1950లలో న్యూయార్క్ జెయింట్స్‌లో సహాయ కోచ్‌లుగా కలిసి పనిచేసినవాళ్ళే. ఒకాయన దాడి చూసుకునేవాడు, ఇంకొకాయన రక్షణ చూసుకునేవాడు. అంటే ఒకరి బుర్ర ఒకరికి కంఠతా.

చలి సుమారు మైనస్ 25 డిగ్రీల సెల్సియస్. మనం లంబసింగిలో సున్నా దగ్గరికి వస్తే వార్త రాసుకుంటాం. లొంబార్డీ అదే ఏడాది 80 వేల డాలర్లు పెట్టించి మైదానం కింద, అరడుగు లోతులో, కరెంటు తీగలు పరిపించాడు, నేల గడ్డకట్టకుండా. పైన టార్పాలిన్ కప్పారు. పొద్దున్న టార్పాలిన్ తీసేసరికి కింద చేరిన తేమంతా గాలి తగిలి మంచుపొరలా బిగుసుకుంది. తీగలు పెట్టకపోయి ఉంటే నేల గట్టిగా ఉండేదేమో గాని, ఇంత జారేది కాదేమో అనిపిస్తుంది. రిఫరీ లోహపు ఈల ఊదితే పెదవికి అతుక్కుపోయింది, పీకితే తోలు లేచొచ్చింది. ఆ తర్వాత మ్యాచంతా నోటితో అరిచే నడిపారు.

ప్యాకర్స్ 14-0తో ముందుకెళ్ళారు. తర్వాత రెండుసార్లు బంతి చేజార్చుకుని 10 పాయింట్లు ధారపోశారు. నాలుగో క్వార్టర్, అంటే మ్యాచ్ ఆఖరి పావు భాగం, మొదటి ఆటలోనే కౌబాయ్స్ ఒక చిత్రం చేశారు. పరుగెత్తాల్సిన డాన్ రీవ్స్ పరుగెత్తుతున్నట్టు నటించి 50 గజాల పాస్ విసిరాడు. టచ్‌డౌన్, అంటే బంతి గోల్ గీత దాటింది. 17-14, డాలస్ పైన.

4 నిమిషాల 50 సెకన్లు ఉండగా ప్యాకర్స్ చేతికి బంతి వచ్చింది, గమ్యానికి 68 గజాల దూరంలో. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఆట నడిపేవాడు, బార్ట్ స్టార్ దూరపు పాస్‌ల జోలికి పోలేదు. గడ్డకట్టిన నేలమీద వెనక్కి తిరిగి పరుగెత్తాల్సిన డిఫెండర్‌కే కష్టం, ఎటు పోవాలో ముందే తెలిసినవాడికి సుఖం. అందుకని దగ్గర దగ్గరగా, పక్కకు విసురుతూ వచ్చాడు. చక్ మెర్సీన్ అనే ఫుల్‌బ్యాక్, అంటే వెనకనుంచి బంతితో పరుగెత్తేవాడు, సీజన్ మధ్యలో వచ్చి చేరినవాడు, ఆ ప్రయాణంలో సగం బరువు మోశాడు. చివరికి గీతకు 1 గజం దూరంలోకి వచ్చారు. డానీ ఆండర్సన్‌కి రెండుసార్లు బంతి ఇచ్చారు. రెండుసార్లూ కాలు జారింది. ఆఖరి టైమౌట్ కూడా వాడేశారు. మిగిలింది 16 సెకన్లు. దూరం 2 అడుగులు. పూలు కొలిచే మూర ఉంటుందే, దానికన్నా కొంచెం ఎక్కువ.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మూడో డౌన్. టైమౌట్లు లేవు. పరుగెత్తి దొరికిపోతే గడియారం ఆగదు. కుప్పలోంచి లేచి, బంతిని గోల్‌పోస్టుల మధ్యకి తన్నే కిక్కర్‌ని పిలిచి, వరసలో నిలబడేలోపు సమయం అయిపోతుంది, మ్యాచ్ పోతుంది. పాస్ విసిరితే, తప్పిపోయినా గడియారం ఆగుతుంది, నాలుగో డౌన్ మిగులుతుంది. లెక్క ప్రకారం పాసే విసరాలి. కౌబాయ్స్ కూడా ఒక కన్ను అటే వేసి ఉంచారు.

ముందు వరసలో ఎవరో అడుగుతున్నారు, మూడో డౌన్లోనే కిక్ కొట్టి 3 పాయింట్లు తెచ్చుకుని సమం చేస్తే పోదా అని. మంచి ప్రశ్న. పైగా ఆ రోజుల్లో గోల్‌పోస్టులు సరిగ్గా గోల్ గీతమీదే ఉండేవి, 1974లో గాని వెనక్కి జరపలేదు. చిన్న దూరం. కాని సమం అయితే అదనపు సమయం ఆడాలి. ఆ చలిలో అప్పటికే పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళతో ఇంకో పావుగంట! లొంబార్డీకి అది ఇష్టం లేదు. స్టార్ ఒక్కటే అడిగాడు, లైన్లో ఉన్నవాళ్ళని, ఒక్కసారి కాలు నిలదొక్కుకోగలరా అని. కుడి గార్డు జెరీ క్రేమర్ నిలదొక్కుకోగలనన్నాడు. ఎదుట ఉన్న జెత్రో ప్యూ పొడగరి, గీత దగ్గర కూడా నిటారుగా లేస్తాడని క్రేమర్ ఆ వారం ఫిల్ములోనే గమనించి చెప్పాడు. లేచినవాడి ఛాతీ కింద దూరితే పక్కకు తోసెయ్యొచ్చు.

ముందు చెప్పుకున్న ఆట ప్రకారం బంతి మెర్సీన్‌కి అందాలి. స్టార్ ఇవ్వలేదు. ఆండర్సన్ ఇప్పుడే రెండుసార్లు జారాడు. వెనక నుంచి పరుగెత్తుకొచ్చేవాడు ఎవడైనా జారతాడు. తను గీతకి ఆనుకునే ఉన్నాడు, ఒక్క అడుగు చాలు. క్రేమర్, సెంటర్ కెన్ బౌమన్ కలిసి ప్యూని లేపేశారు, ఆ సందులోంచి స్టార్ పడ్డాడు. 21-17. ఇంకా 13 సెకన్లు ఉన్నాయి, వాటితో డాలస్ ఏమీ చెయ్యలేకపోయింది.

ఆ ఫోటో మీరు చూసే ఉంటారు. స్టార్ వెనక మెర్సీన్ రెండు చేతులూ పైకెత్తి కనిపిస్తాడు. టచ్‌డౌన్ అయిందని సంబరపడుతున్నాడనుకుంటారు అందరూ. అసలు సంగతి వేరు. బంతి తనకే వస్తుందని పరుగెత్తుకొచ్చాడు, రాలేదు, ఆపుకోలేక స్టార్ మీద పడబోయాడు. బంతి ఉన్నవాణ్ణి వెనకనుంచి తొయ్యడం అప్పట్లో నేరం. "చూడండయ్యా, నేను తొయ్యలేదు" అని రిఫరీకి చేతులెత్తి చూపించాడు. ఆ తోపుడు నిషేధాన్ని 2005లో తీసేశారు. తీసేశాక ఫిలడెల్ఫియా ఈగిల్స్ దాన్నే ఆయుధం చేసుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ వెనక ఇద్దరు నిలబడి పిరుదుల దగ్గర పట్టి తోస్తారు, గజం వచ్చేస్తుంది. 2025 మేలో దీన్ని మళ్ళీ నిషేధించాలని ఓటు పెడితే 22 జట్లు సరేనన్నాయి. కావలసింది 24. మెర్సీన్ భయపడి చేతులెత్తిన పని ఇప్పుడు జీతం తీసుకుని చేస్తున్నారు. (నవ్వులు)

దీనికి పూర్తి తిరగేసిన మ్యాచ్ 1978 నవంబర్ 19న జరిగింది. న్యూయార్క్ జెయింట్స్ 17, ఈగిల్స్ 12. బంతి జెయింట్స్ చేతిలో, 31 సెకన్లు మిగిలాయి, ఈగిల్స్‌కి టైమౌట్లు లేవు. ఏం చెయ్యాలి? బంతి తీసుకుని మోకాలు ఆనించి కూర్చోవాలి. అంతే. అలా కూర్చుంటే ఎదుటివాళ్ళు కోపంతో క్వార్టర్‌బ్యాక్ మీద పడుతున్నారని, వెనకున్న లారీ జోంకాకి బంతి అందించమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. అందించేటప్పుడు బంతి అతని తుంటికి తగిలి జారింది. ఈగిల్స్ ఆటగాడు హెర్మ్ ఎడ్వర్డ్స్ దాన్ని ఎత్తుకుని 26 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 19-17. ఆ ఆట ఆడమన్న కోచ్ ఉద్యోగం మర్నాడు పోయింది.

ఇవాళ ఆఖర్లో క్వార్టర్‌బ్యాక్‌కి అటూ ఇటూ ఒక్కొక్కడు ఆనుకుని, ఇంకొకడు చాలా దూరంగా వెనక ఒంటరిగా నిలబడటం చూస్తారే, ఆ వెనకవాడు ఈ మ్యాచ్ పుణ్యమే. బంతి జారితే తీసుకుని పరుగెత్తేవాణ్ణి పట్టడం వాడి పని. ఇప్పుడు మన 40 అంకె బయటికి తియ్యండి. ఎదుటివాళ్ళకి టైమౌట్లు లేవు, మీకు కొత్తగా మొదటి డౌన్ వచ్చింది, సరిగ్గా 2 నిమిషాలుంది. కూర్చోవడానికి 2 సెకన్లు, గడువు 40. 1:18 అవుతుంది. మళ్ళీ కూర్చుంటే 36 సెకన్లు. మూడోసారి కూర్చుంటే ఆట అయిపోయింది. ఎదుటివాళ్ళ దగ్గర ఉన్న ఒక్కో టైమౌటూ ఇందులోంచి 40 సెకన్లు కోసేస్తుంది. టీవీలో కామెంటేటర్లు 2 నిమిషాల ముందే సెలవు తీసుకునే గొంతుతో మాట్లాడటం మొదలుపెడితే, ఈ లెక్క వేసుకున్నారన్నమాట.

2015 ఫిబ్రవరి 1, సూపర్ బౌల్ 49, అంటే ఆ సీజన్ ఫైనల్. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 28, సియాటిల్ సీహాక్స్ 24. మార్షాన్ లించ్ బంతితో 1 గజం గీత దాకా దూసుకొచ్చాడు. సుమారు నిమిషం ఉంది. పేట్రియట్స్ కోచ్ బిల్ బెలిచిక్ దగ్గర టైమౌట్లున్నాయి, తీసుకోలేదు. అలా ఊరుకోవడం సాహసమే. సీహాక్స్ స్కోరు చేసి ఉంటే తిరిగి కొట్టడానికి తన జట్టుకి సమయం ఉండేది కాదు. గడియారం 26 దాకా దిగింది. సీహాక్స్ చేతిలో 3 డౌన్లు, 1 టైమౌట్.

"లించ్‌కి ఇస్తే అయిపోయేదిగా" అని ఈ పదేళ్ళలో ఎన్ని లక్షల మంది అన్నారో. లెక్క చూద్దాం. 26 సెకన్లలో, ఒక్క టైమౌట్‌తో, మూడుసార్లు పరుగెత్తలేరు. ఒకటి పరుగు, టైమౌట్, రెండోది పరుగు. అది ఆగితే గడియారం తిరుగుతుండగా కుప్పలోంచి లేవాలి. అదే ముందు ఒక పాస్ వేస్తే, తప్పినా గడియారం ఉచితంగా ఆగుతుంది, తర్వాత రెండు పరుగులకీ చోటుంటుంది. కాబట్టి సీహాక్స్ కోచ్ పీట్ కరోల్ పాస్ వెయ్యమనడం వెర్రితనం కాదు. నా తగువు ఆ పాస్ రకంతో. గుంపు నడుమకి, లోపలికి కోసుకుపోయే స్లాంట్ వేశారు. మూలకి ఎత్తుగా విసిరి ఉంటే మనవాడు పట్టాలి, లేదా బయట పడాలి. ఇది మాత్రం ఎదుటివాడి చేతిలో పడే చోటు.

కుడివైపు ఇద్దరు సీహాక్స్ ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ముందున్న కర్స్ పని, తన ఎదుట ఉన్నవాణ్ణి వెనక్కి నెట్టి, వెనక వచ్చే లాకెట్‌కి దారి చెయ్యడం. బ్రాండన్ బ్రౌనర్ కర్స్‌ని కదలనివ్వలేదు, కొలిమి దగ్గర దాగలిలా నిలబడ్డాడు. అడ్డం లేకపోవడంతో వెనకున్న మాల్కం బట్లర్‌కి దారి తెరుచుకుంది. జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్టులో ఎవరూ తీసుకోని కొత్తవాడు ఈ బట్లర్. ఆ వారం ప్రాక్టీసులో ఇదే ఆటని ఎదుర్కొని ఓడిపోయాడు, ఆలస్యంగా కదిలినందుకు. ఈసారి ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కనపడగానే ఆలోచించకుండా దూకాడు. బంతి అతని చేతుల్లో పడింది.

దీన్ని అద్భుతం అంటారు గాని, నాకైతే అది హోంవర్కు.

తర్వాత రెండేళ్ళకి, 2017 ఫిబ్రవరి 5న, ఇదే పేట్రియట్స్‌కి అట్లాంటా ఫాల్కన్స్ 28-3తో పైన ఉండి ఓడిపోయారు. దాని కథ పెద్దది. ఒక్క మలుపు చాలు. ఫీల్డ్ గోల్, అంటే ఆ 3 పాయింట్ల కిక్, దూరం ఎలా కడతారంటే, బంతి ఉన్న గీతకి 17 గాని 18 గాని కలపాలి. 7, 8 గజాలు వెనక్కి అందించి కొట్టడానికి, 10 గోల్ గీత వెనకున్న ఎండ్ జోన్‌కి. ఫాల్కన్స్ 28-20తో ఉన్నారు, 5 నిమిషాలు కూడా లేదు, బంతి 22వ గజం దగ్గర. అంటే సుమారు 40 గజాల కిక్. వాళ్ళ కిక్కర్‌కి అది రోజూ కొట్టేదే. పడితే 31-20, తేడా 11, ఒక్క టచ్‌డౌన్‌తో అందదు. మూడుసార్లు కూర్చుని కొట్టినా సరిపోయేది. ఒక పరుగులో 1 గజం పోయింది. తర్వాత పాస్ వెయ్యబోయి దొరికిపోయి 12 గజాలు వెనక్కి. ఇంకొక పాస్‌లో తమవాడు ఎదుటివాణ్ణి పట్టుకున్నందుకు 10 గజాల జరిమానా. 22 కాస్తా 45 అయింది. 45కి 18 కలిపితే 63. కిక్ మాట మరిచిపోయి బంతిని అవతలికి తన్నేశారు. న్యూ ఇంగ్లండ్ సమం చేసి అదనపు సమయంలో 34-28తో గెలిచింది.

కాన్సస్ సిటీలో 2022 జనవరి 23 మ్యాచ్ ఇంకా చిన్నది, 13 సెకన్లంత. బఫలో బిల్స్ 36-33తో పైకొచ్చారు. బంతి కాన్సస్ సిటీ జట్టు చీఫ్స్‌కి ఇవ్వాలి. బిల్స్ దాన్ని ఎండ్ జోన్‌లోకి తన్నేశారు. అలా తన్నితే ఎవరూ ఆడరు కాబట్టి గడియారం కదలదు. నేలమీద దొర్లేలా తన్ని ఉంటే, ఎవడో ఒకడు ఎత్తుకుని పరుగెత్తేవాడు, నాలుగైదు సెకన్లు ఖర్చయ్యేవి. చీఫ్స్ దగ్గర 3 టైమౌట్లున్నాయి. సొంత 25 గజాల గీత నుంచి మొదలు. టైరీక్ హిల్‌కి పాస్, 19 గజాలు, 5 సెకన్లు, టైమౌట్. ట్రావిస్ కెల్సీకి పాస్, 25 గజాలు, 5 సెకన్లు, టైమౌట్. ఎదుటి 31 దగ్గరికి వచ్చారు. 31కి 18 కలిపితే 49. కిక్కర్ బట్కర్ కొట్టాడు, సమం. అదనపు సమయంలో టాస్ గెలిచి చీఫ్స్ టచ్‌డౌన్ చేశారు, ఆనాటి రూలు ప్రకారం ఆట అక్కడితో సరి. బఫలో క్వార్టర్‌బ్యాక్ జోష్ ఆలెన్ మళ్ళీ బంతి ముట్టుకోలేదు. దీనిమీద రేగిన గొడవతోనే ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌ల్లో, రెండు జట్లకీ ఒక్కసారైనా బంతి రావాలని ఆ ఏడే రూలు మార్చారు. 2025 నుంచి మామూలు మ్యాచ్‌లకీ అదే వర్తిస్తుంది.

ఇప్పుడు వైరాల సంగతి. 32 జట్లు, నాలుగేసి చొప్పున 8 డివిజన్లు. 17 మ్యాచ్‌ల్లో 6 సొంత డివిజన్‌లోవాళ్ళతోనే. అందుకే చాలా పగలు ఇరుగుపొరుగు పగలు: షికాగో బేర్స్, ప్యాకర్స్ 1921 నుంచీ కొట్టుకుంటున్నారు. కౌబాయ్స్, ప్యాకర్స్‌ది ఆ బాపతు కాదు. వీళ్ళు కొన్నేళ్ళు అసలు కలవకపోవచ్చు. కలిస్తే మాత్రం గడియారం కరిచిపెట్టి పోతుంది. ఐస్ బౌల్‌కి ముందు ఏడాది ఫైనల్ కూడా వీళ్ళిద్దరిదే. అది డాలస్‌లో జరిగింది, కౌబాయ్స్ 2 గజాల దూరంలో ఉండి నాలుగో డౌన్ పాస్ ఎదుటివాడికి ఇచ్చేసి 34-27తో ఓడారు. 1990లలో ఇర్వింగ్‌లో వరసగా మూడు సీజన్ల ప్లేఆఫ్స్‌లో కసి తీర్చుకున్నారు. 2015 జనవరిలో డెజ్ బ్రయంట్ పట్టినట్టే పట్టి, నేలకి తగిలి బంతి కదిలిందని కొట్టేశారు. ఆ "పట్టు" నిర్వచనం 2018లో మార్చారు. ఇక్కడి కౌబాయ్స్ అభిమాని ముందు ఆ మాట ఎత్తి చూడండి, భోజనం చల్లారిపోతుంది.

2017 జనవరి 15న, కౌబాయ్స్ ఇప్పటి సొంత మైదానం ఉన్న ఆర్లింగ్టన్‌లో, మళ్ళీ ప్యాకర్స్‌తోనే. నిమిషం లోపే ఉండగా కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ బంతిని నేలకి కొట్టి గడియారం ఆపాడు. దాన్ని స్పైక్ అంటారు. దానివల్ల ఒక డౌన్ వృథా, పైగా మిగిల్చిన సెకన్లు ఎదుటివాడికి కూడా మిగులుతాయి. 52 గజాల కిక్‌తో 31-31 అయింది గాని, ఆరన్ రాడ్జర్స్‌కి 35 సెకన్లు దక్కాయి. మూడో డౌన్, 20 గజాలు కావాలి, 12 సెకన్లు. ఎడమవైపు పరుగెడుతూ గీత పక్కకి విసిరాడు, జారెడ్ కుక్ బయటికి పడిపోతూ రెండు కాళ్ళ వేళ్ళూ లోపల తాకించి పట్టాడు. 3 సెకన్లు. 51 గజాల కిక్. 34-31.

చివరగా 2025 సెప్టెంబర్ 28, మళ్ళీ ఆర్లింగ్టన్. నెల రోజుల క్రితమే కౌబాయ్స్ తమ మైకా పార్సన్స్‌ని ఈ ప్యాకర్స్‌కే ఇచ్చేసుకున్నారు, కాబట్టి స్టేడియం ఎలా ఉందో ఊహించుకోండి. 60 నిమిషాలకీ తేలలేదు, అదనపు 10 నిమిషాలకి వెళ్ళారు. కౌబాయ్స్ 3 పాయింట్లు చేశారు. ప్యాకర్స్ బంతి అందుకుని, నెమ్మదిగా, చెయ్యాల్సినదానికన్నా చాలా నెమ్మదిగా ముందుకొచ్చారు. గెలిపించే పాస్ ఎండ్ జోన్‌లో నేల తాకేసరికి గడియారంలో మిగిలింది ఒక్క సెకను. అది కూడా పోయి ఉంటే ఓడిపోయేవాళ్ళు. ఆ ఒక్క సెకనులో 34 గజాల కిక్ కొట్టారు. 40-40. ఎవరూ గెలవలేదు.

ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ ఇర్వింగ్ ఆయన, చాలాసేపట్నుంచి చెయ్యెత్తి కూర్చున్నారు.